మెట్రో దిగాక ఆఫీసుకెలా? బెంగళూరు బస్సులు, మెట్రో, లోకల్ రైళ్ళు: ఏం ఇబ్బంది, ఏం చేస్తే తీరుతుంది

కుండలహళ్ళి_వాసి | సోమవారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఇక్కడ ఇళ్ళ అద్దెల మీద, పీజీల మీద, పండక్కి ఊరెళ్ళే టికెట్ల మీద బోలెడన్ని చర్చలున్నాయి గానీ, రోజూ ఆఫీసుకు పోయి వచ్చే అవస్థ గురించి సరిగ్గా మాట్లాడుకున్నది లేదు. అందుకే మొదలుపెడుతున్నా. కాస్త పొడుగ్గానే ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

నా మాట ఒక్కటే. మెట్రో లైన్లన్నీ పూర్తయ్యేదాకా ఎదురుచూస్తూ కూర్చోకుండా బస్సుల్ని ఇప్పుడే బాగుచేయాలి, అదీ ముందు ఔటర్ రింగ్ రోడ్డు మీద.

ఎందుకో చెప్తా. బైయప్పనహళ్ళి నుంచి ఎం.జి.రోడ్డు దాకా మొదటి మెట్రో ముక్క 2011 అక్టోబర్ 20న తెరిచారు. మొదటి దశ 42 కిలోమీటర్లు పూర్తయ్యేసరికి 2017 జూన్ వచ్చింది. మా వైపు 2023 మార్చిలో కె.ఆర్.పురం నుంచి కడుగోడి దాకా వేశారు గానీ, బైయప్పనహళ్ళికీ కె.ఆర్.పురానికీ మధ్య రెండు కిలోమీటర్ల ముక్క మిగిలిపోయింది. అది కలిసేసరికి అక్టోబర్. ఆ ఆరు నెలలూ మెట్రో దిగడం, బస్సెక్కడం, మళ్ళీ మెట్రో ఎక్కడం. 2025 ఆగస్టులో హోసూరు రోడ్డు మీద ఎల్లో లైను మెట్రో వచ్చాక మొత్తం 96 కిలోమీటర్లయింది. సంతోషమే, మెట్రో వద్దని నేననడం లేదు, రోజూ ఎక్కేవాణ్ణే. కానీ ఆఫీసులన్నీ కిక్కిరిసి ఉన్న సిల్క్ బోర్డ్ - కె.ఆర్.పురం రోడ్డు మీద, అంటే ఔటర్ రింగ్ రోడ్డు మీద, బ్లూ లైను మెట్రో పనులు ఇంకా నడుస్తూనే ఉన్నాయి. అక్కడ ఇవాళ్టికీ బస్సే దిక్కు.

అదే రోడ్డు మీద 2019 చివర్లో బస్సులకు ప్రత్యేకంగా ఒక లేన్ ఇచ్చారు, గుర్తుందా? ఎడమ పక్క గీత గీసి, వేరే బండ్లు రాకుండా పొడవునా బొల్లార్డులు (పొట్టి స్తంభాలు) పాతారు. పక్కన కార్లు కదలకుండా నిలబడి ఉంటే 500డి బస్సు వాటిని దాటుకుంటూ పోయేది. ఆ తర్వాత కరోనా, దాని వెనకే మెట్రో పనులు. బొల్లార్డులు ఊడిపోయాయి, గీత చెరిగిపోయింది, మళ్ళీ దాని ఊసు గట్టిగా ఎత్తినవాళ్ళు లేరు.

ఇంకో సంగతి. బస్సుల్లో రోజుకు 40 లక్షల మందికి పైగా తిరుగుతున్నారు. ఎల్లో లైను తెరిచిన మొదటి రోజు మెట్రో రికార్డు కొట్టింది, అది సుమారు పదిన్నర లక్షలు. అంటే మెట్రో కంటే దాదాపు నాలుగింతల జనాన్ని మోస్తున్నది బస్సు. కానీ పేపర్ తెరిస్తే మెట్రో, టన్నెల్ రోడ్డు, ఫ్లైఓవర్. బస్సు గురించి రాసేది టికెట్ ధర పెరిగినప్పుడే.

మీ ఏరియాలో ఇబ్బందేంటి, ఏం చేస్తే తీరుతుంది, రెండూ రాయండి.

రాత్రి_షిఫ్ట్ | సోమవారం రాత్రి 9:40

బ్రో, మంచి చర్చ. కానీ నేను ఒప్పుకోను. బస్సు లేన్ అంటే చెప్పడానికి బాగుంటుంది, ఇప్పుడున్న ఔటర్ రింగ్ రోడ్డులో మెట్రో స్తంభాలు మధ్యలో చోటు తినేశాక ఉన్నవి ఎన్ని లేన్లు, అందులో ఒకటి బస్సుకిస్తే మిగతా బండ్లన్నీ ఎక్కడికి పోవాలి? ఈ ఊళ్ళో రిజిస్టరైన బండ్లు కోటి దాటాయి. నేను మూడేళ్ళు బస్సులో తిరిగి ఆఖరికి స్కూటీ కొన్నాను. బస్సు కూడా అదే ట్రాఫిక్‌లో చిక్కుకుంటుంది, నిలబడి చిక్కుకోవడం కంటే సొంత బండి మీద సందుల్లోంచి పోవడం నయం. ట్రాఫిక్‌తో సంబంధం లేకుండా పోయేది మెట్రో ఒక్కటే. కాబట్టి డబ్బు, మనుషులు, శ్రద్ధ అంతా మెట్రో మీదే పెట్టి త్వరగా పూర్తి చేయించాలి.

కుండలహళ్ళి_వాసి | సోమవారం రాత్రి 9:58

బస్సు ట్రాఫిక్‌లో చిక్కుకుంటోందనే కదా లేన్ అడిగేది! ఒక బస్సులో నిలబడినవాళ్ళతో కలిపి అరవై డెబ్బై మంది ఉంటారు. అంతే చోటులో రెండు మూడు కార్లు, ఒక్కో దాంట్లో ఒక్కరు. చోటు తక్కువున్న రోడ్డు మీదే బస్సుకు ముందు దారివ్వాలి, చోటు ఎక్కువుంటే లేన్ అవసరమే రాదు. అందరూ స్కూటీ కొనుక్కుంటే ఆ సందులు కూడా మిగలవు బ్రో.

చిత్తూరమ్మాయి | సోమవారం రాత్రి 10:21

అన్నయ్యలూ, లేన్ల సంగతి తర్వాత, నాది చెప్తాను. నేను హెబ్బగోడి దగ్గర ఒక ఆస్పత్రిలో ల్యాబ్‌లో చేస్తాను, ఉండేది బొమ్మనహళ్ళి. ఎల్లో లైను రాకముందు 356 బస్సుల్లో హోసూరు రోడ్డు మీద నా ఉద్యోగం సగం రోడ్డు మీదే అయిపోయేది. ఇప్పుడు మెట్రోలో కూర్చుంటే హాయిగా ఉంది, ఆ మాట చెప్పకపోతే తప్పు. మొదట్లో 3 రైళ్ళే ఉండి 25 నిమిషాలకొకటి వచ్చేది, ఒకటి కళ్ళ ముందు వెళ్ళిపోతే షిఫ్ట్‌కు లేటని టెన్షన్. కొత్త రైళ్ళు వచ్చేకొద్దీ అది తగ్గుతూ వచ్చింది.

నా బాధ రెండు చోట్ల. ఒకటి, స్టేషన్ దిగాక. హోసూరు రోడ్డు అవతలి వైపుకు పోవాలంటే స్టేషన్ మెట్లే వంతెన, అది సరే. దిగాక సర్వీస్ రోడ్డు పక్కన నడవడానికి ఉన్న బండల్లో రెండు మూడు లేచిపోయి, కింద మురుగు కాలువ కనబడుతూ ఉంటుంది. దాని మీద బండి పెట్టుకుని పానీపూరీ అమ్మేవాళ్ళు ఒకళ్ళు, పార్క్ చేసిన బైకులు. కాబట్టి రోడ్డు మీదికి దిగి నడుస్తాం. సాయంత్రం ఏడు దాటితే అక్కడ లైటు లేదు. ఫోన్ టార్చ్ వేసుకుని నడుస్తాను. వెనక నుంచి కంపెనీ బస్సులు హారన్ కొడుతూ వస్తుంటాయి.

రెండోది ఉచిత ప్రయాణం. ఇక్కడ ఆడవాళ్ళకు బస్సు టికెట్ లేకుండా చేసిన శక్తి పథకం 2023 జూన్ 11న మొదలైంది, కర్ణాటక చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపిస్తేనే సున్నా టికెట్. నా ఆధార్ మా ఊరి చిరునామాతోనే ఉంది. నేను టికెట్ కొంటాను, పక్కన కూర్చున్నావిడ కొనదు. ఆవిడ మీద నాకేం అసూయ లేదు, నాలాగా పక్క రాష్ట్రం నుంచి వచ్చి ఇక్కడ అద్దె కట్టి, ఇక్కడే పనిచేసేవాళ్ళ సంగతి కూడా ఎవరైనా ఆలోచిస్తే బాగుంటుందని.

మద్రాసులో_పదేళ్ళు | సోమవారం రాత్రి 10:44

చిత్తూరమ్మాయి గారూ, చెన్నైలో ఆ పట్టింపు లేదండి. 2021 నుంచి అక్కడ మామూలు సిటీ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్ డబ్బుల్లేవు, ఏ ఊరు, ఏ కార్డు అని అడగరు. ఎక్కితే చాలు, కండక్టర్ చీటీ ఇచ్చేస్తాడు. అక్కడ మా ఇంట్లో పనిచేసే ఆవిడ నెల్లూరు జిల్లా నుంచి వచ్చింది, ఆవిడకూ వర్తించింది. ఇక్కడా అలా చేయొచ్చు. చిరునామా చూసి ఆపడం వల్ల మిగిలే డబ్బు కంటే ప్రతి స్టాపులో కార్డులు చూడటానికి కండక్టర్‌కు పట్టే టైమే ఎక్కువని నా అభిప్రాయం. కిక్కిరిసిన బస్సులో ఆయన ముందు నుంచి వెనక్కి వచ్చేసరికి రెండు స్టాపులు దాటిపోతాయి.

రాత్రి_షిఫ్ట్ | సోమవారం రాత్రి 10:50

దానికి డబ్బు కట్టేది కర్ణాటక ప్రభుత్వం కదండీ, వాళ్ళ వాళ్ళకు ఇచ్చుకుంటారు. ఆంధ్రలో స్త్రీశక్తి కూడా 2025 ఆగస్టు 15న పెట్టారు, అక్కడా రాష్ట్రం వాళ్ళకే.

చిత్తూరమ్మాయి | సోమవారం రాత్రి 10:57

అవును, సంక్రాంతికి మా ఊళ్ళో ఉచితంగా తిరుగుతాను, ఏడాది పొడవునా ఉండే చోట కొంటాను. నేను పన్నులు ఇక్కడే కడుతున్నాను కదన్నా, ఇక్కడి షాపులో కొన్న ప్రతి వస్తువు మీదా. అందుకే అడుగుతున్నా.

పాతకాపు_జయనగర్ | మంగళవారం ఉదయం 6:35

పొద్దున్నే లేచి అన్నీ చదివాను. మా తాతగారు మదనపల్లె నుంచి ఇక్కడికి వచ్చి మిల్లులో చేరారు, నేను పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. మీరంతా మెట్రో వచ్చాక వచ్చినవాళ్ళు కాబట్టి ఒక్క విషయం చెప్తాను.

బస్సు లేన్ అనే ఆలోచన కొత్తది కాదు. ఈ ఊరి బస్సులు ఒకప్పుడు మెజెస్టిక్, శివాజీనగర్, మార్కెట్, ఈ మూడు చోట్ల నుంచే బయల్దేరేవి. ఎటు పోవాలన్నా ముందు మెజెస్టిక్‌కు రావాలి. ఊరు బయటికి పెరిగింది, జనం ఒక శివారు నుంచి ఇంకో శివారుకు పోతున్నారు, బస్సుల దారులు మాత్రం చాలావరకు అదే అలవాటులో ఉండిపోయాయి. 500 నంబర్లు వచ్చాకే రింగ్ రోడ్డు మీద అటూ ఇటూ పోవడం మొదలైంది. కాబట్టి లేన్ ఒక్కటే అడిగితే చాలదు బాబూ. దారులు మళ్ళీ గీయమని అడగాలి. పొడుగాటి దారులు తగ్గించి, మెట్రో స్టేషన్ నుంచి చుట్టుపక్కల లేఔట్లలోకి చిన్న బస్సులు, పది నిమిషాలకొకటి తిప్పాలి. ఇప్పుడు ఎం.ఎఫ్. అని ఫీడర్ బస్సులున్నాయి, కానీ ఒకటి పోయాక రెండోది ఎప్పుడొస్తుందో తెలియని బస్సుకు ఎవడు నిలబడతాడు? ఆటో ఎక్కేస్తాడు. ఖాళీగా పోతోందని ఆ బస్సునీ ఎత్తేస్తారు.

మా ఆవిడకు మోకాళ్ళ నొప్పులు. బస్సు మెట్టు ఎత్తుగా ఉంటే ఎక్కలేదు. స్టాపు దగ్గరికి వచ్చి ఆనించి ఆపే బస్సు, కిందికున్న మెట్టు, ఈ రెండూ ఉంటే ముసలివాళ్ళు ఇంట్లో నుంచి బయటికొస్తారు. వీటి గురించి ఎవరూ మాట్లాడరు.

నడకదారి | మంగళవారం ఉదయం 8:15

పెద్దాయన చెప్పింది అక్షరాలా నిజం. నేను ఇంకొంచెం కలుపుతాను.

మెట్రో స్టేషన్ లోపల ఉన్నంత శుభ్రత, వెలుతురు, బోర్డులు గేటు దాటిన పది అడుగులకే మాయమవుతాయి. ఎందుకంటే లోపల ఒక సంస్థ, బయట ఫుట్‌పాత్ ఇంకో సంస్థ, బస్సు స్టాపు మరో సంస్థ, కరెంటు స్తంభం వేరే సంస్థ, సిగ్నల్ పోలీసులది. టిన్ ఫ్యాక్టరీ దగ్గర చూడండి. కె.ఆర్.పురం మెట్రో, కె.ఆర్.పురం రైల్వే స్టేషన్, రింగ్ రోడ్డు బస్సులు, పాత మద్రాసు రోడ్డు బస్సులు, ఇవన్నీ దగ్గర దగ్గరే. ఊరంతటికీ మంచి కూడలి కావాల్సిన చోటు. మెట్రో దిగి మారతహళ్ళి వైపు బస్సు పట్టుకోవాలంటే మెట్రో పనుల రేకుల పక్కనుంచి, బస్సులు రోడ్డు మధ్యలోనే ఆగుతుంటే వాటి మధ్యలోంచి, ఒక చేత్తో బ్యాగు, ఇంకో చేత్తో పిల్లాణ్ణి పట్టుకుని పరిగెత్తాలి. అక్కడ మూడొందల మీటర్లు పైకప్పున్న నడకదారి కడితే చాలు, ఎన్ని వేలమందికి లాభమో. మెట్రో ఒక కిలోమీటరుకయ్యే ఖర్చులో అదెంత?

ఫుట్‌పాత్ బాగా కట్టడం ఈ ఊరికి రాదని కాదు. రెసిడెన్సీ రోడ్డు, సెయింట్ మార్క్స్ రోడ్డులో టెండర్‌ష్యూర్ అనే రోడ్ల పథకం కింద కట్టినవి ఎంత వెడల్పుగా ఉన్నాయో చూడండి, కింద కేబుళ్ళు, పైపులకు ముందే చోటు పెట్టి కట్టారు, అందుకే తవ్వాల్సిన పని తక్కువ. ఆ పద్ధతే ప్రతి మెట్రో స్టేషన్ చుట్టూ అరకిలోమీటరు మేర చేస్తే చాలు. ఊరంతా ఒక్కసారే చేయమని నేను అడగడం లేదు.

కుప్పం_బండి | మంగళవారం మధ్యాహ్నం 1:20

మీరందరూ ఊళ్ళో ఉన్నవాళ్ళు, నేను కుప్పం నుంచి రోజూ రైల్లో వచ్చేవాణ్ణి. మా పెట్టెలో కుప్పం, బంగారుపేట, మాలూరు వాళ్ళు ఉంటాం, తెలుగు, కన్నడ, తమిళం అన్నీ వినబడతాయి. ఇంతకు ముందు వైట్‌ఫీల్డ్ స్టేషన్‌లో దిగితే అక్కడి నుంచి ఆఫీసుకు బస్సో షేర్ ఆటోనో. ఇప్పుడు పక్కనే కడుగోడి మెట్రో. రైలు దిగి మెట్రో ఎక్కితే సత్యసాయి ఆస్పత్రి, ఐటీపీఎల్, కుండలహళ్ళి, అన్నీ దాని మీదే. నా బతుకు మారిపోయిందంటే నమ్మండి. రైలు నెల పాసు మెట్రో ముందు చాలా చవక.

అందుకే నేను అడిగేది సబర్బన్ రైలు, అంటే బెంగళూరుకు సొంత లోకల్ రైళ్ళు. 148 కిలోమీటర్లు, నాలుగు దారులు, 2020లో కేంద్రం ఒప్పుకుంది, 2022 జూన్‌లో ప్రధాని వచ్చి శంకుస్థాపన చేసి 40 నెలల్లో పూర్తి చేస్తామన్నారు. ఆ 40 నెలలు 2025లోనే అయిపోయాయి. మల్లిగె, కనక, పారిజాత, సంపిగె అని పూల పేర్లు బాగానే పెట్టారు, ఒక్క దాంట్లోనూ బండి తిరగడం లేదు. అందులో కనక దారి హీలలిగె నుంచి రాజానుకుంటె దాకా. చందాపుర వైపు వాళ్ళు, సర్జాపుర రోడ్డు వాళ్ళు, యలహంక వాళ్ళు అందరూ దాని మీదే పడతారు.

పోనీ అది వచ్చేలోపు ఉన్న పట్టాల మీదే ఇంకో నాలుగు మెమూ బండ్లు (దగ్గరి ఊళ్ళకు తిరిగే కరెంటు రైళ్ళు) వేయొచ్చు కదా. కార్మెలారం, బెళ్ళందూరు రోడ్డు స్టేషన్లు ఆఫీసులకు ఎంత దగ్గరో, అక్కడ ఆగే బండ్లు ఎన్నో, వెళ్ళి బోర్డు చూడండి.

మద్రాసులో_పదేళ్ళు | మంగళవారం మధ్యాహ్నం 1:52

ఇదే నేను చెప్దామనుకున్నది. చెన్నై బీచ్ - తాంబరం మధ్య కరెంటు బండ్లు 1931లో మొదలయ్యాయి. ఇవాళ్టికీ పల్లావరం, క్రోంపేట, తాంబరం జనానికి అదే ఆధారం. పది రూపాయల్లోపు టికెట్‌తో ఎగ్మోర్ పోవచ్చు. అక్కడ ఐటీ ఉద్యోగి, పూలమ్మే ఆవిడ ఒకే పెట్టెలో పోతారు. బెంగళూరులో రైలు పట్టాలు ఊరి మధ్యలోంచి నాలుగు దిక్కులా పోతున్నాయి, వాటిని ఊరి అవసరానికి వాడుకోలేదు, అదే పెద్ద తేడా.

ఇంకొకటి కూడా. చెన్నైలో అన్ని రవాణా సంస్థల మీదా ఒక సంస్థ ఉంది, కుమ్టా అంటారు. 2025 సెప్టెంబర్‌లో వాళ్ళు చెన్నై వన్ అని ఒక యాప్ తెచ్చారు, బస్సు, మెట్రో, లోకల్ రైలు మూడింటికీ ఒకటే క్యూఆర్ టికెట్. ఇక్కడ మెట్రోకు ఒక కార్డు, బస్సుకు వేరే పాసు, రైలుకు ఇంకో యాప్.

పాతకాపు_జయనగర్ | మంగళవారం మధ్యాహ్నం 3:05

ఇక్కడా అలాంటి సంస్థ కోసం చట్టం చేశారు. 2022 డిసెంబర్‌లో శాసనసభలో పాసైంది. బస్సు, మెట్రో, రోడ్లు, పార్కింగ్ అన్నీ కలిపి ఒకచోట నిర్ణయించాలని దాని ఉద్దేశం. చట్టం ఉండి ఏం లాభం, దానికి మనుషులు, డబ్బు, అధికారం ఇవ్వాలి. ఇప్పుడు నగర పాలికను కూడా 2025 సెప్టెంబర్‌లో అయిదు కార్పొరేషన్లుగా చేశారు. ఫుట్‌పాత్ అడగడానికి ఇదివరకు ఒక ఆఫీసుకు పోయేవాళ్ళం, ఇక ముందు అయిదింటిలో ఏదో తేల్చుకుని పోవాలి. ఔటర్ రింగ్ రోడ్డు ఒకటి కంటే ఎక్కువ కార్పొరేషన్లలోంచి పోతుంది, బస్సు లేన్ వేయాలంటే అందరూ ఒక మాట మీద ఉండాలి. అందుకే పైన ఒక సంస్థ గట్టిగా ఉండి తీరాలని నేనంటాను.

రాత్రి_షిఫ్ట్ | మంగళవారం సాయంత్రం 5:30

సరే, ధర మాట ఎవరూ ఎత్తలేదేంటి? మెట్రోలో అన్నిటికంటే ఎక్కువ టికెట్ 60 ఉండేది, 2025 ఫిబ్రవరి 9న 90 చేశారు. గొడవయ్యాక కొన్ని దూరాలకు కొంచెం తగ్గించారు, 90 మాత్రం తగ్గించలేదు. 2017 తర్వాత పెంచలేదు కాబట్టి పెంచామన్నారు. ఒప్పుకుంటా, ఏళ్ళ తరబడి పెంచకుండా ఉంటే ఏ సంస్థా నడవదు. కానీ ఎనిమిదేళ్ళది ఒక్కరోజులో నెత్తిన వేస్తే ఎలా? ఏటా కొంచెం కొంచెం పెంచితే ఎవరికీ నొప్పి ఉండదు. పైగా స్టేషన్‌కు పోయే ఆటో 50, దిగాక ఇంకో 50. రెండు వైపులా కలిపితే పెట్రోల్ కంటే మూడింతలు. మీరు బస్సు లేన్ అంటున్నారు, ఇద్దరు ఉద్యోగం చేసే ఇంట్లో స్కూటీ ఎందుకు కొంటున్నారో ఇక్కడ ఉంది లెక్క.

2025 జూన్‌లో బైక్ ట్యాక్సీలు ఆపేసినప్పుడు మా ఫ్లోర్‌లో సగం మందికి స్టేషన్ నుంచి ఆఫీసుకు రావడానికి దారి లేకపోయింది. జనం వాటిని సరదాకి ఎక్కరు, వేరే దారి లేక ఎక్కుతారు.

కుండలహళ్ళి_వాసి | మంగళవారం సాయంత్రం 6:10

చూడు బ్రో, మనిద్దరం ఒకే చోటికి వస్తున్నాం. మెట్రో టికెట్ కాదు నీకు భారం, అటూ ఇటూ ఆటోలు. ఆ 50, 50 స్థానంలో పెద్దాయన చెప్పిన చిన్న బస్సు పది నిమిషాలకొకటి ఉండి, మెట్రో టికెట్‌తోనే అది కూడా ఎక్కగలిగితే నీ స్కూటీ ఇంట్లో ఉంటుంది.

బస్సు టికెట్ కూడా 2025 జనవరిలో 15 శాతం పెంచారు, మొదటి స్టేజీ 5 నుంచి 6 అయింది. మెట్రో పెంపుకు నెల రోజుల ముందే. రెండూ ఒకదాని వెనక ఒకటి పడ్డాయి. ఒకే సంస్థ చూసుకునుంటే ఇలా జరిగేది కాదని నా నమ్మకం.

సీమబిడ్డ | మంగళవారం రాత్రి 8:48

నేను అనంతపురం నుంచి సోమవారం తెల్లారి దిగే బ్యాచ్. మనవాళ్ళు ఎంతమంది ఆదివారం రాత్రి బస్సెక్కి హెబ్బాళ, టిన్ ఫ్యాక్టరీ, మారతహళ్ళి, మడివాళల్లో దిగుతారో లెక్కే లేదు. మెట్రో వాళ్ళు 2025 జనవరి నుంచి సోమవారాలు తెల్లవారుజామున 4:15కే మొదటి బండి నడుపుతున్నారు, ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళ కోసమనే. ఇది మంచి పని, మెచ్చుకోవాలి. అడిగితే అవుతుందనడానికి ఇదే సాక్ష్యం. కానీ హెబ్బాళలో మెట్రో లేదు, మారతహళ్ళి వంతెన దగ్గర లేదు. ఆ టైములో అక్కడ సిటీ బస్సులు ఒకటో అరో. ఆటోవాళ్ళు చెప్పిందే రేటు. సోమవారం తెల్లారుజామున నాలుగు నుంచి ఆరు దాకా ఆ నాలుగు చోట్ల నుంచి దగ్గరి మెట్రో స్టేషన్‌కు అటూ ఇటూ తిరిగే బస్సులు వేస్తే చాలు. డిపోలో ఆ టైముకు బస్సులు ఖాళీగానే ఉంటాయి.

రైల్లో వచ్చేవాళ్ళదీ అదే కథ. విశ్వేశ్వరయ్య టెర్మినల్ 2022లో తెరిచారు, ఎయిర్‌పోర్టులా ఉంటుంది లోపల. బైయప్పనహళ్ళి మెట్రో చూస్తే రెండు కిలోమీటర్ల దూరం. పెట్టె, బియ్యం సంచి, పచ్చడి జాడీ పట్టుకుని రెండు కిలోమీటర్లు ఎవరు నడుస్తారు? అంత పెద్ద టెర్మినల్ కట్టేటప్పుడే మెట్రోకు దారి కలపాలని ఎవరికీ తట్టలేదా అని అక్కడ దిగిన ప్రతిసారీ కడుపు మండుతుంది.

చిత్తూరమ్మాయి | మంగళవారం రాత్రి 9:05

సీమబిడ్డ అన్నా, ఆ తెల్లారుజాము బస్సుల్లో ఒక మహిళా కండక్టరో, స్టాపులో ఒక పోలీసో ఉంటే మేము కూడా ఎక్కుతాం. ఆ టైములో ఆటోలో ఒంటరిగా పోవడానికి భయం, మా నాన్న ఫోన్ పెట్టేయకుండా లైన్‌లోనే ఉంటారు ఇల్లు చేరేదాకా.

పట్టాలబండి | మంగళవారం రాత్రి 9:33

రైళ్ళ మాటొచ్చింది కాబట్టి. ఎయిర్‌పోర్టు దగ్గర హాల్ట్ స్టేషన్ 2021 జనవరి నుంచే ఉంది, చాలామందికి తెలియదు. దేవనహళ్ళి వైపు బండ్లు అక్కడ ఆగుతాయి. ఆగే బండ్లు వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని, విమానం టైములకు వాటికి సంబంధం ఉండదు. అందుకని జనం ఎయిర్‌పోర్టుకు పోయే వాయు వజ్ర బస్సో క్యాబో ఎక్కుతారు. ఉన్నదాన్ని టైముకు నడిపితే కొత్తది కట్టినంత లాభం, అదే నా మాట. హిందూపురం మెమూ కూడా అంతే, యలహంక దాకా బాగా వచ్చి ఆ తర్వాత సిగ్నల్ దగ్గర ఆగిపోతుంది, దూరం రైళ్ళకు దారివ్వాలని. ఊరి బండ్లకు వేరే పట్టాలు లేకపోవడమే అసలు రోగం. సబర్బన్ ప్రాజెక్టులో ముఖ్యమైనది అదే, కొత్త స్టేషన్ల అద్దాలు కాదు.

రాత్రి_షిఫ్ట్ | మంగళవారం రాత్రి 10:02

ఇంత రాశాం కదా, ఎవరికి పంపిస్తాం? ఇక్కడే ఉండిపోతే లాభం లేదు.

నడకదారి | మంగళవారం రాత్రి 10:20

మా అపార్ట్‌మెంట్ సంఘం వాళ్ళం ఒక బస్సు స్టాపు కోసం తిరిగి సాధించాం కాబట్టి తెలిసింది చెప్తాను. "ట్రాఫిక్ బాగుచేయండి" అని రాస్తే ఎవరూ చదవరు. ఏ స్టాపు, ఏ టైము, ఎంతమంది నిలబడ్డారు, ఏం కావాలి, ఒక ఫోటో. ఒక్క పేజీ దాటకూడదు. కన్నడలో రాయాలి, ఇది తప్పనిసరి, ఇంగ్లీషులో పంపితే ఆలస్యమవుతుంది, పైగా మనం ఇక్కడ ఉంటున్నాం, ఇక్కడి భాషలో అడగడం మర్యాద. బస్సు సంస్థకు ఒక కాపీ, మెట్రోకు ఒకటి, మీ కార్పొరేషన్‌కు ఒకటి, ఎమ్మెల్యే ఆఫీసులో చేతికిచ్చి రసీదు తీసుకోండి. పదిహేను రోజులకు మళ్ళీ వెళ్ళండి. మేము వెళ్ళినప్పుడు డిపో మేనేజర్ చాలా మర్యాదగా మాట్లాడారు, ఆయనకూ బస్సులు చాలక ఇబ్బందే, జనం నుంచి కాగితం ఉంటే పైవాళ్ళను అడగడానికి తనకూ బలం అన్నారు.

పాతకాపు_జయనగర్ | బుధవారం ఉదయం 6:20

కన్నడలో నేను రాసిపెడతాను. నాకు చదవడం రాయడం అన్నీ కన్నడలోనే బాగా వచ్చు, తెలుగే ఇంట్లో నేర్చుకున్నది. మీరు ఇక్కడ తెలుగులో వివరాలు పెట్టండి, ఒక్కొక్కటి మార్చి ఇస్తాను. అన్నీ ఒకే కాగితంలో కుక్కొద్దు, చోటుకొక కాగితం.

కుండలహళ్ళి_వాసి | బుధవారం ఉదయం 8:02

పెద్దాయనా, చాలా పెద్ద సాయం. అయితే మొదలుపెడదాం. బస్సు లేన్ కాగితం నేను తయారుచేస్తా, మెట్రో పనులు అయిపోయిన ముక్కల్లో రేకులు తీసేసిన చోటల్లా లేన్ వెంటనే వేయమని అడుగుదాం, మొత్తం పూర్తయ్యేదాకా ఆగొద్దని. కె.ఆర్.పురం కూడలి నడకదారి గారిది. సోమవారం తెల్లారి బస్సులు సీమబిడ్డది. కార్మెలారం, బెళ్ళందూరు రోడ్డు బండ్లు కుప్పం అన్న, పట్టాలబండి కలిసి రాయండి, అది రైల్వేకు వేరేగా పోవాలి. చిత్తూరమ్మాయి గారూ, మీరు ఆ ఫుట్‌పాత్ రాయండి.

చిత్తూరమ్మాయి | బుధవారం రాత్రి 8:40

నాది పెడుతున్నా. పెద్దాయన గారూ, ఏమైనా తక్కువైతే చెప్పండి.

చోటు: హెబ్బగోడి మెట్రో స్టేషన్ నుంచి ఆస్పత్రి వైపు సర్వీస్ రోడ్డు, ఎడమ పక్క.
టైము: సాయంత్రం 6:30 నుంచి 9 దాకా, షిఫ్టులు మారేటప్పుడు. నడిచేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే, నర్సులు, ల్యాబ్ వాళ్ళు, ఫ్యాక్టరీ వాళ్ళు.
ఇబ్బంది: కాలువ మీద బండలు మూడు చోట్ల లేవు. రెండు వీధి దీపాలు వెలగడం లేదు, స్తంభాల నంబర్లు ఫోటోలో ఉన్నాయి. బైకులు ఫుట్‌పాత్ మీదే పెడుతున్నారు.
కావాల్సింది: బండలు వేయాలి, దీపాలు వెలిగించాలి, బైకులు ఎక్కకుండా అడ్డుకమ్మీలు పెట్టాలి. పానీపూరీ బండి వాళ్ళను తీసేయమని రాయొద్దండి, వాళ్ళున్నంతసేపే అక్కడ కాస్త వెలుతురు, మనుషుల అలికిడి ఉంటుంది. వాళ్ళకు గేటు పక్కన ఖాళీగా ఉన్న చోటు చూపిస్తే సరిపోతుంది, అది కూడా ఫోటో తీశాను.